ప్రభుత్వ వ్యతిరేకత: సర్వే ఫీల్డులో నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

లోక్‌సభ ఎన్నికలు దగ్గర పడ్డాయంటే చాలు, తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతారు: "జనంలో వ్యతిరేకత ఎలా ఉంది?" పదిహేనేళ్లకు పైగా ఊళ్లు తిరిగి సర్వే ఫారాలు నింపుతున్నాను. నేను చూసినంతలో ప్రభుత్వం నచ్చకపోవడం ఒక సంగతి, దాన్ని దించాలనుకోవడం ఇంకో సంగతి. ఈ రెండూ ఒకటే అనుకున్నచోటే మా అంచనాలు దెబ్బతింటాయి.

అపోహ: వ్యతిరేక గాలి వీస్తే దేశమంతా ఒకేలా వీస్తుంది.

1977 చూడండి. ఎమర్జెన్సీ దేశం మొత్తానికీ పెట్టిందే. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలకు, బీహార్‌లో 54 స్థానాలకు కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీయే ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు పల్లెపల్లెనూ భయపెట్టాయి. ఇక్కడ ఆ బాధ అంతగా లేదు.

పేపర్లో చదివితే వచ్చే కోపం వేరు, ఇంటి గడప తొక్కిన కష్టం వేరు. అందుకే మా ఫారంలో "ప్రభుత్వం ఎలా ఉంది?" అనేది మొదటి ప్రశ్నగా పెట్టను. "ఈ ఏడాది మీ ఇంటికి వచ్చిన పెద్ద కష్టమేంటి?" అని మొదలుపెడతాను. కరెంటు బిల్లనో, పంట ధరనో, పిల్లాడి ఉద్యోగమనో చెబుతారు. ఆ తర్వాత "దీనికి ఎవరు కారణం?" అంటే, చాలాసార్లు సర్పంచో ఎమ్మెల్యేనో అంటారు. కేంద్రం పేరే రాదు.

అపోహ: రాష్ట్రంలో దించినవాళ్లు ఢిల్లీలోనూ దించుతారు.

2018 డిసెంబరులో మధ్యప్రదేశ్‌లో బీజేపీ అధికారం కోల్పోయింది. 2019 మేలో అక్కడే 29కి 28 లోక్‌సభ స్థానాలు గెలుచుకుంది. తెలంగాణలో అదే డిసెంబరులో 119కి 88 గెలిచిన టీఆర్ఎస్‌కు లోక్‌సభలో 17కి 9 వచ్చాయి. ఓటరుకు ఏ ఓటు దేనికో బాగా తెలుసు.

అపోహ: పోలింగ్ శాతం పెరిగిందంటే ప్రభుత్వం పోయినట్టే.

పోలింగ్ రోజు సాయంత్రం టీవీ ముందు ఈ మాట వినని ఏడాది లేదు. 2014లో పోలింగ్ పెరిగి 66 శాతం దాటింది, ప్రభుత్వం మారింది. 2019లో ఇంకా పెరిగి 67 శాతం దాటింది, ఉన్న ప్రభుత్వమే ఇంకా ఎక్కువ సీట్లతో వచ్చింది. 2004లో పోలింగ్ 1999 కంటే తగ్గింది, అయినా ప్రభుత్వం పడిపోయింది.

అపోహ: 2004లో జనమంతా ఎన్డీఏ (బీజేపీ కూటమి) మీద తిరగబడ్డారు.

ఇది మా వృత్తికి పెద్ద పాఠం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2003 డిసెంబరులో మూడు రాష్ట్రాలు గెలిచిన ఊపులో "భారత్ వెలిగిపోతోంది" అంటూ వాజపేయి ప్రభుత్వం గడువుకు ముందే ఎన్నికలకు వెళ్లింది. ఎగ్జిట్ పోల్స్‌లో ఎక్కువ భాగం ఎన్డీఏ ముందుందన్నాయి. తీరా బీజేపీ 182 నుంచి 138కి పడింది, కాంగ్రెస్ 114 నుంచి 145కి వచ్చింది.

ఇప్పుడు ఓట్ల లెక్క చూడండి. బీజేపీ ఓట్లు ఒకటిన్నర శాతం చిల్లర తగ్గాయి. కాంగ్రెస్ ఓట్లు కూడా తగ్గాయి! 28 శాతం నుంచి 26.5 దగ్గరికి వచ్చాయి. తక్కువ చోట్ల పోటీ చేయడం దానికి ఒక కారణం. అంటే గాలి కంటే పొత్తుల పనే ఎక్కువ. డీఎంకే ఎన్డీఏను వదిలి కాంగ్రెస్ వైపు వచ్చింది, తమిళనాడులో 39కి 39 ఆ కూటమికే పడ్డాయి. మన దగ్గర 1999లో టీడీపీ, బీజేపీ కలిసి 42కి 36 గెలిచాయి. 2004లో కాంగ్రెస్, టీఆర్ఎస్, వామపక్షాలు కలిస్తే సరిగ్గా అదే 36 వాళ్లకొచ్చాయి. కరువు, కరెంటు చార్జీల మీద కోపం ఇక్కడ నిజంగానే బలంగా ఉంది. కానీ ఆ కోపంతో ఉన్న ఓట్లన్నిటినీ ఒకచోటికి చేర్చింది పొత్తు. ప్రతిపక్షం మూడు ముక్కలైతే ఎంత కోపమున్నా అధికార పార్టీ బతికిపోతుంది.

అపోహ: జనం సర్వేవాళ్లకు అబద్ధాలు చెబుతారు.

ఈ మాటంటే నాకు బాధగా ఉంటుంది. చేతిలో ట్యాబ్ పట్టుకుని, ఆధార్ అడిగేవాడిలా గుమ్మంలో నిలబడితే, పింఛను తీసుకునే పెద్దావిడ "అందరూ మంచోళ్లే బాబూ" అనక ఏమంటుంది? అది అబద్ధం కాదు, జాగ్రత్త. పక్కింటివాళ్లు చుట్టూ మూగినప్పుడూ అంతే. ఒక ఊళ్లో స్థానిక నాయకుడు మా కుర్రాళ్ల వెంటే వీధంతా తిరిగాడని తెలిసి, ఆ వీధి ఫారాలన్నీ పక్కన పెట్టించాను. గుర్తులున్న డమ్మీ బ్యాలెట్ చేతికిచ్చి, మడిచి పెట్టెలో వేయమంటే జవాబులు మారతాయి.

ఇంకో చిక్కుంది. "పోయినసారి ఎవరికి వేశారు?" అంటే, ప్రభుత్వం పేరు చెడినప్పుడు దానికి వేశామని ఒప్పుకునేవాళ్లు తగ్గిపోతారు. ఆ జవాబుల్ని పట్టుకుని శాంపిల్ (సర్వేకు ఎంచుకున్న జనం) సరిచేస్తే లెక్క ఇంకా వంకర పోతుంది.

అపోహ: సీట్లు తుడిచిపెట్టుకుపోతే జనం పూర్తిగా వదిలేసినట్టే.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి 175కి 11 అసెంబ్లీ సీట్లే వచ్చాయి. ఓట్లు మాత్రం 39 శాతం పైనే. అంటే పదిమందిలో దాదాపు నలుగురు ఇంకా అటే ఉన్నారు.

2014 కాంగ్రెస్ సంగతి అలాంటిది కాదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో 33 లోక్‌సభ స్థానాలు గెలిచిన పార్టీకి, విభజన తర్వాత మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో 25కి ఒక్కటీ రాలేదు. ఓట్లు మూడు శాతం కూడా లేవు. ఆ వేసవిలో కోస్తా పల్లెల్లో తిరిగినప్పుడు, మొదట్లో కాంగ్రెస్ పేరెత్తితే గంటసేపు తిట్టేవాళ్లు. పోలింగ్ దగ్గరికొచ్చేసరికి తిట్టడం మానేశారు, ఆ గుర్తు చూపిస్తే తర్వాతి ప్రశ్న అడగమనేవాళ్లు. మా కొత్త కుర్రాళ్లు దాన్ని "కోపం చల్లారింది" అని రాసుకొచ్చారు. అది కోపం చల్లారడం కాదు, ఆ పార్టీని పూర్తిగా వదిలేయడం. ఆ ఫారాలన్నీ మళ్లీ చేయించాను.