నేర్చుకున్న పని చేతికి వచ్చేదాకా

కోపంగా ఉన్న వినియోగదారుడితో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ ముగిసింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక యువతి అందులో అందరికంటే చక్కగా రాణించింది. ముందు పూర్తిగా వినాలి, మధ్యలో అడ్డుపడకూడదు, విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే పరిష్కారం సంగతి ఎత్తాలి. ఇదంతా ఆమెకు కంఠతా వచ్చు. వారం తిరగకుండానే అలాంటి ఫోను నిజంగా వచ్చింది. రెండు మాటలు విని, ఫోనును పక్కనున్న సీనియర్ చేతికి ఇచ్చేసింది. ఆయన అయిదు నిమిషాల్లో అవతలివారికి సర్దిచెప్పాడు. సమస్య తీరింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇది ఊహించిన సన్నివేశమే అయినా, ఇలాంటిది జరగని కార్యాలయం ఉంటుందని నేను అనుకోను. ఫోను చేయి మారిన ఆ క్షణంలో ఆమెకు కలిగిన ఊరట చిన్నది కాదు. తప్పుకుంటే భయం పోతుందని మనసు అక్కడే నేర్చుకుంటుంది. మరోసారి తప్పుకోవడం ఇంకా తేలికవుతుంది. శిక్షణలో వచ్చిన మార్కులు ఎక్కడికీ పోవు, నైపుణ్యం మాత్రం వాడుక లేక మెల్లగా జారిపోతుంది.

ఆమెకు లోపించినదేమిటో 1977లో ఆల్బర్ట్ బాండూరా అనే మనస్తత్వవేత్త స్పష్టంగా విడదీసి చూపారు. ‘ఇలా చేస్తే పని అవుతుంది’ అని తెలియడం ఒకటి, ‘అలా చేయడం నా వల్ల అవుతుంది’ అని నమ్మడం మరొకటి. ఈ రెండోదానికి ఆయన స్వీయ సమర్థత అని పేరు పెట్టారు. శిక్షణ తరగతులు మొదటిదాన్ని బాగానే ఇస్తాయి. రెండోది కూడా దాంతోపాటే వస్తుందని అనుకోవడంలోనే పొరపాటు ఉంది. పైగా ఈ నమ్మకం మనిషి మొత్తానికి అంటిపెట్టుకుని ఉండే గుణం కాదు, ఒక్కో పనికి ఒక్కో మోతాదులో ఉంటుంది. స్నేహితుల మధ్య గలగలా మాట్లాడే యువకుడు సమావేశంలో నివేదిక వినిపించమంటే బిగుసుకుపోవచ్చు. అతన్ని పిరికివాడనడం అన్యాయం. ఆ ఒక్క పనిలో అతనికి ఇంకా అనుభవం లేదు, అంతే.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందన్నది పరిశీలించడానికి బాండూరా బృందం పాములంటే విపరీతంగా భయపడే పెద్దవాళ్లను ఎంచుకుంది. కొందరు వేరొకరు పామును పట్టుకోవడం చూశారు. మరికొందరు సహాయకుల తోడుతో అంచెలంచెలుగా తామే ముట్టుకుని, చివరికి చేతుల్లోకి తీసుకున్నారు. చూసినవాళ్లలోనూ ధైర్యం పెరిగింది, అయితే స్వయంగా చేసినవాళ్లలో అది ఎక్కువగా, గట్టిగా పెరిగింది. ఇతరుల ప్రోత్సాహపు మాటలు కూడా పనిచేస్తాయి కానీ వాటి బలం తక్కువ. మన శరీరం ఇచ్చే సంకేతాలకూ ఇందులో పాత్ర ఉంది. గుండె దడదడలాడగానే ‘నాకు ఇది చేతకాదు’ అని అర్థం చెప్పుకునేవారు అక్కడే ఆగిపోతారు.

వయసు సంగతి ఇక్కడే ముందుకు వస్తుంది. ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నవారికి ఒక పద్ధతి మొదటిసారి బెడిసికొట్టినా, వెనక్కి తిరిగి చూసుకోవడానికి వందల విజయాలు ఉంటాయి. కొత్తగా చేరినవారికి ఆ నిల్వ ఉండదు. నమ్మకం ఇంకా స్థిరపడకముందే ఎదురయ్యే వైఫల్యం దాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుందని బాండూరా రాశారు. యువ ఉద్యోగుల తొలి తడబాటును నిర్లక్ష్యమని, ఆసక్తి లేకపోవడమని తేల్చేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

శిక్షణలో నేర్చినది పనిలోకి చేరడాన్ని పరిశోధకులు శిక్షణ బదలాయింపు అంటారు. 2010లో బ్రయన్ బ్లూమ్, ఆయన సహచరులు దీనిపై జరిగిన 89 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, తెలివితేటలు, పని పట్ల శ్రద్ధ, చుట్టూ ఉన్నవారి మద్దతులతో పాటు స్వీయ సమర్థతకూ బదలాయింపుతో సంబంధం కనిపించింది. అయితే ఆ సంబంధం ఏ దారిన నడుస్తుందో చెప్పడానికి నాకు అంతకంటే ముందటి ఒక అధ్యయనం ఎక్కువగా ఉపయోగపడింది. కెవిన్ ఫోర్డ్ బృందం 1992లో ప్రచురించిన అధ్యయనం అది. అమెరికా వైమానిక దళంలో సాంకేతిక శిక్షణ పూర్తిచేసినవారిని నాలుగు నెలల తర్వాత పలకరించి, నేర్చుకున్న పనుల్లో ఎన్ని చేశారు, ఎన్నిసార్లు చేశారు, అందులో కష్టమైనవి ఎన్ని అని ఆరా తీశారు. ఒకే శిక్షణ పొందినవారికి దక్కిన అవకాశాల్లోనే చాలా తేడా ఉందని తేలింది. ఆ తేడాకు పై అధికారి వారి గురించి ఏమనుకుంటున్నాడన్నదానితోనూ, వారికి తమ మీద ఉన్న నమ్మకంతోనూ సంబంధం ఉంది.

దీన్నుంచి నాకు అర్థమైనది ఇది. నమ్మకం ఉన్నవారు పనిని అడిగి తీసుకుంటారు, అధికారి దృష్టిలో పడతారు, ఇంకాస్త కష్టమైన పని వారికే దొరుకుతుంది. సందేహించేవారు వెనక్కి తగ్గుతారు, చిన్నాచితకా పనులే వారి వంతవుతాయి, సందేహం నిజమేనేమో అన్నట్టు పెరుగుతుంది. ఏడాది గడిచాక ఇద్దరి మధ్య కనిపించే నైపుణ్యపు తేడాను మనం ప్రతిభలో తేడా అనుకుంటాం. అవకాశాలు ఎలా పంచామన్నది అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

నమ్మకం ఎంత ఉంటే అంత మంచిదా? కాదు. జెఫ్రీ వాంకూవర్ బృందం 2002లో, దాచిన రంగుల వరుసను తర్కంతో కనిపెట్టే ఆట ఆడించి చూసింది. తమ మీద నమ్మకం పెరిగిన తర్వాత ఆటగాళ్లు తర్కంలో తప్పులు ఎక్కువగా చేశారు. అందువల్ల ఉత్తుత్తి పొగడ్తలతో ధైర్యం నింపడం మేలు చేయదు. తప్పు చేసే వీలున్న చోట సాధన చేయించడం అంతకంటే మెరుగు. సాధనలో తప్పులు సహజమనీ, వాటి నుంచే నేర్చుకోవచ్చనీ ముందే చెప్పి, దారి వెతుక్కోనిచ్చే శిక్షణా పద్ధతి ఒకటి ఉంది. నీనా కీత్, మైకేల్ ఫ్రీసే 2008లో 24 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ముఖ్యంగా శిక్షణలో ఎదురుకాని కొత్త రకం సమస్య వచ్చినప్పుడు ఈ పద్ధతి బాగా అక్కరకు వస్తోందని తేలింది. తప్పు జరిగాక ఏం చేయాలో తెలిసినవారి నమ్మకం గాలిమేడలా కూలిపోదు.

మళ్లీ ఆ ఫోను దగ్గరికి వద్దాం. సీనియర్ ఆ ఫోను అందుకోకుండా పక్కనే కూర్చుని ఉండవచ్చు. మొదటి రెండు నిమిషాలు ఆమె మాట్లాడితే, మిగతాది తాను చూసుకుంటానని ముందే మాట ఇవ్వవచ్చు. ఆరు నెలల కిందట చేరిన మరో ఉద్యోగి తడబడుతూనే ఇలాంటి ఫోనును ఎలా నెగ్గుకొచ్చాడో ఆమెకు వినిపించవచ్చు. తనలాంటివాళ్లు చేయడం చూస్తేనే ‘నేనూ చేయగలను’ అనిపిస్తుంది, చేయి తిరిగినవారి నేర్పు మెప్పిస్తుంది గానీ అంత భరోసా ఇవ్వదు. ఫోను పెట్టేశాక ‘బాగా మాట్లాడావు’ అని ఊరుకోకుండా, ‘అతను గొంతు పెంచినప్పుడు నువ్వు పెంచలేదు, అందుకే దారికొచ్చాడు’ అని చెబితే, మరోసారి దేన్ని పట్టుకోవాలో ఆమెకు తెలుస్తుంది. ఇదంతా శిక్షణ ముగిసిన మొదటి వారంలోనే జరగాలి. తర్వాతి ఫోను మోగేసరికి ఆమె గుండె మళ్లీ దడదడలాడుతుంది, అయినా ఈసారి రిసీవరు ఆమె చేతిలోనే ఉంటుంది.