అటికమామిడి మీద దొరికిన పురుగు

వానలు పడ్డాక చెరువుగట్టు మీద అటికమామిడి చాపలా పరుచుకుంటుంది. కిందటి ఆగస్టులో ఆ తీగ కింద మిరియాలంత పెంటికలు కనిపించాయి. పెంటికలు అంత పెద్దవంటే పురుగూ పెద్దదే. ఆకులు తొలగించి చూస్తే దొరికింది: చూపుడువేలంత పొడవు, నున్నటి పచ్చ ఒళ్లు, తోక మీద సన్నటి కొమ్ము. వేలితో తాకగానే తల లోపలికి లాక్కుని ముందుభాగం ఉబ్బించింది. ఒక్కో పక్క ఒక పెద్ద కన్ను తెరుచుకున్నట్టయింది. పాముపిల్లేమోనని చెయ్యి వెనక్కి తీసేశాను.

అవి కళ్లు కావు, చర్మం మీది మచ్చలు. కాకుల్నీ గోరింకల్నీ బెదిరించడానికి అవి చాలు. ఆ కొమ్మూ కుట్టదు. గొంగళి పురుగుకు ఆ పేరు గొంగడిలాంటి నూగు వల్ల వచ్చింది. దీనికి నూగే లేదు కాబట్టి దద్దుర్ల భయం లేదు.

పేరు తెలియని పురుగు కనిపిస్తే అందరూ పురుగును ఫొటో తీసి మొక్కను వదిలేస్తారు. ముందు చూడాల్సింది మొక్కనే. తల్లి చిమ్మట (రాత్రిళ్లు ఎగిరే మాత్) ఆకు వాసన చూసి, కాళ్లతో రుచి చూసి మరీ గుడ్లు పెడుతుంది. చాలా జాతుల పిల్లలు కొన్ని రకాల ఆకులే తింటాయి. అయితే మొక్క పేరు కూడా సరిగ్గా ఉండాలి. అటికమామిడినీ, దానిలాగే నేల మీద పాకే ఇంకో మొక్కనీ ఊళ్లలో గలిజేరనే అంటారు. సన్నటి కాడల చివర బుల్లి గులాబీ పూలు, బట్టలకు అంటుకునే జిగురు కాయలు ఉంటే అది అటికమామిడి.

తర్వాత కాళ్లు. ఛాతీ కింద ఆరు అసలు కాళ్లు, పొట్ట మధ్యలో నాలుగు జతల బొద్దుకాళ్లు (పట్టుకుని పాకడానికి వాడే మెత్తటి కాళ్లు), చివర ఇంకో జత. పొట్ట మధ్యలో జతలు తగ్గి, వీపు విల్లులా వంచి నడిస్తే అది ఆముదం రైతులకు తెలిసిన దాసరి పురుగు లాంటిది. మొత్తం ఐదు జతలకు మించి ఉంటే అసలు చిమ్మట పిల్లే కాదు, కందిరీగలకు బంధువైన రంపపు ఈగ పిల్ల. నాకు దొరికినదానికి సరిగ్గా ఐదు జతలు, పైగా కొమ్ము: వేగంగా ఎగిరే పెద్ద చిమ్మటల కుటుంబం, హాక్ మాత్.

అక్కడి నుంచే చిక్కు. ఆ కుటుంబంలో, 1758లో శాస్త్రవేత్త లినేయస్ వర్ణించిన హిప్పోటియన్ సెలీరియో అనే జాతి పురుగు ఈ మొక్క తింటుంది. 1775లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ వర్ణించిన ఇంకో జాతి, హిప్పోటియన్ బోయర్‌హావియే పేరులోనే ఈ మొక్క ఉంది. అటికమామిడి శాస్త్రీయ నామం బోయర్‌హావియా. రంగు చూసి తేలుద్దామంటే, ఒకే జాతిలో పచ్చవీ ఉంటాయి, గోధుమరంగువీ ఉంటాయి. కుబుసం విడిచిన ప్రతిసారీ రూపు కొంత మారుతుంది.

అందుకే పెంచి చూడటమే ఖాయమైన దారి. ప్లాస్టిక్ డబ్బాలో రెండంగుళాల మట్టి, పైన ఎండుటాకులు, మూతకు బదులు పల్చటి గుడ్డ. రోజూ అదే మొక్క ఆకు తాజాగా వేశాను. ఐదో రోజు తినడం మానేసి, రంగు మాసి, డబ్బా అంతా తిరగడం మొదలుపెట్టింది. జబ్బు చేసిందని టెన్షన్ పడ్డాను. కానీ గూటిలోకి వెళ్లే ముందు అవి అలాగే చేస్తాయి. తెల్లారేసరికి ఎండుటాకుల కింద దూరింది.

పదిహేను రోజుల తర్వాత, దీపాలు పెట్టే వేళకు, గుడ్డకు తలకిందులుగా వేలాడుతూ తడి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ముందు రెక్క మీద కొసదాకా వెండి గీత. వెనక రెక్కల మీద గులాబీ, నల్లటి చారలు. సెలీరియోనే. గుడ్డ తీయగానే కాసేపు ఒళ్లంతా వణికించి, కిటికీలోంచి వెళ్లిపోయింది.