పైలట్లు పెరిగారా, కార్డుకి గడువు తీసేశారా?

అమెరికాలో లైసెన్స్ ఉన్న పైలట్లు మళ్ళీ 8 లక్షలు దాటారు, పాత రోజులొచ్చేశాయి అని సంబరపడేవాళ్ళు ఆ లెక్క ఎలా పెరిగిందో కూడా ఒకసారి చూడాలి.

పాత రోజులంటే 1980, అప్పుడు దాదాపు 8.27 లక్షల మంది. మిలిటరీ నుంచి బయటికొచ్చినవాళ్ళకి జీఐ బిల్ అనే మాజీ సైనికుల సాయం చట్టం కింద ఫ్లయింగ్ ట్రైనింగ్ ఖర్చులో పెద్ద వాటా గవర్నమెంటే కట్టేది, 1978లో అయితే అక్కడి కంపెనీలు ఒక్క ఏడాదిలోనే 17 వేలకి పైగా చిన్న విమానాలు తయారు చేశాయి. తర్వాత పెట్రోల్ రేట్లు, వడ్డీలు, ప్రమాదం జరిగితే కంపెనీ మీద కేసులు, అన్నీ కలిసి దెబ్బకొట్టాయి. 1986లో సెస్నా అనే పెద్ద కంపెనీ పిస్టన్ ఇంజన్ ఉండే చిన్న విమానాల తయారీ ఆపేసింది, 1994లో తయారైనవి వెయ్యి కూడా లేవు. ఆ ఏడాదే విమానానికి 18 ఏళ్ళు దాటితే తయారీ కంపెనీ మీద మామూలుగా కేసు కుదరదని చట్టం తెచ్చారు, సెస్నా మళ్ళీ మొదలెట్టింది, కానీ పైలట్ల సంఖ్య మాత్రం జారుతూ జారుతూ 2016కి 5.84 లక్షలకి వచ్చేసింది.

ఇక అసలు కిటుకు. ఆ మొత్తం లెక్కలో ఇంకా నేర్చుకుంటున్న స్టూడెంట్ పైలట్లు కూడా ఉంటారు. 2009లో స్టూడెంట్ పైలట్లు 72 వేలు, 2010లో 1.19 లక్షలు! ఒక్క ఏడాదిలో అంతమందికి ఎగరాలనిపించిందా అంటే అదేం కాదు, 40 ఏళ్ళలోపు వాళ్ళకి స్టూడెంట్ సర్టిఫికెట్ గడువు 36 నెలల నుంచి 60 నెలలు చేశారు అంతే. 2016 ఏప్రిల్ నుంచి అసలు గడువే తీసేశారు, దాంతో నాలుగు క్లాసులకెళ్ళి మానేసినవాడు కూడా లెక్కలో అలాగే ఉండిపోతున్నాడు. 2023కి స్టూడెంట్లే 3 లక్షలు దాటారు. ట్రైనింగ్ పూర్తిచేసి సొంతానికి ఎగరేసే లైసెన్స్ ఉన్న ప్రైవేట్ పైలట్లు మాత్రం 1980లో 3.57 లక్షలు ఉంటే 2023లో అందులో సగం కూడా లేరు. కోవిడ్ తర్వాత ఎయిర్‌లైన్ ఉద్యోగాల కోసం నేర్చుకునేవాళ్ళు పెరిగిన మాట నిజమే, కాదనను.

ట్రైనింగ్ మధ్యలో మానేసేవాళ్ళు 70-80 శాతం అని అక్కడ ఎప్పట్నుంచో అంటుంటారు. డబ్బు ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు, నా దృష్టిలో ఇన్‌స్ట్రక్టర్లు మారిపోవడం దానికి తీసిపోని కారణం. 2009లో కోల్గన్ ఎయిర్ అనే అమెరికా ఎయిర్‌లైన్ విమానం కూలిన తర్వాత 2013లో ఎయిర్‌లైన్ కో-పైలట్‌కి కూడా మామూలుగా 1500 గంటలు ఎగిరిన అనుభవం ఉండాలన్నారు, ఆ గంటల కోసమే చాలామంది కుర్రాళ్ళు పాఠాలు చెప్తారు, గంటలు నిండగానే వెళ్ళిపోతారు. కొత్తాయన వచ్చి ల్యాండింగులు మళ్ళీ మొదట్నుంచి చేయిస్తాడు, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. రూల్ ప్రకారం కనీసం 40 గంటలు ఉండాల్సిన ప్రైవేట్ లైసెన్స్ చాలామందికి 60, 70 గంటలు పట్టేది అందుకు కూడా.