స్క్రీన్ రీడర్ వెనుక రెండు శతాబ్దాల చరిత్ర

వెబ్‌సైట్‌లో ఫారం నింపుతున్న చూపులేని వ్యక్తి ట్యాబ్ కీని వరుసగా నొక్కుతూ పోతుంటే కంప్యూటర్‌లోని స్క్రీన్ రీడర్ ఒక్కో గడి పేరునూ పైకి చదువుతుంది. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అంటూ సవ్యంగా సాగిన ఆ చదువు ఒక చోటికి వచ్చేసరికి "బటన్", "బటన్", "బటన్" అని మూడుసార్లు పలికి ఊరుకుంటుంది. ఆ మూడింటిలో ఒకటి ఫారాన్ని పంపేది, ఒకటి నింపినదంతా చెరిపేసేది, మరొకటి వెనక్కి తీసుకుపోయేది. చూడగలిగినవారికి వాటి మీది బొమ్మలే ఆ సంగతి చెబుతాయి. ఆ బొమ్మలకు పేర్లు రాసిపెట్టకపోవడం వల్ల వినేవారికి మూడూ ఒకటే. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ చేస్తుండగా, 2019లో 97.8 శాతం పేజీల్లోనూ, 2025లో 94.8 శాతం పేజీల్లోనూ ఇటువంటి లోపాలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ తేడా చాలకపోవడం, బొమ్మలకు వివరణ లేకపోవడం, ఫారం గడులకు పేర్లు లేకపోవడం వంటివే. ఏ ఒక్కటీ సాంకేతికంగా గడ్డు సమస్య కాదు. గడ్డు సమస్యలు పరిష్కారమై, తేలికైనవి మిగిలిపోవడం ఎలా జరిగిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

చూపులేనివారి కోసం వాలంటైన్ ఆయీ 18వ శతాబ్దపు చివర్లో పారిస్‌లో నెలకొల్పిన పాఠశాలలో పుస్తకాలు ఉండేవి. మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చొత్తేవారు. వేలితో ఒక్కో అక్షరం అంచుల వెంట తడుముకుంటూ పోవాలి కాబట్టి చదువు నత్తనడక నడిచేది, పైగా ఆ పద్ధతిలో విద్యార్థులు స్వయంగా రాసుకోవడానికి వీలుండేది కాదు. సైనికాధికారి షార్ల్ బార్బియే రూపొందించిన 12 చుక్కల లిపి ఆ పాఠశాలకు చేరినప్పుడు, మూడేళ్ల వయసులోనే జీనులు కుట్టే తండ్రి పనిముట్టు కంటికి తగిలి, తర్వాత చూపు పోగొట్టుకున్న లూయీ బ్రెయిలీ అక్కడి విద్యార్థి. అతడు ఆ చుక్కలను ఆరుకు కుదించి, ఒక అక్షరం మొత్తం వేలి కొన కింద ఒక్కసారిగా ఇమిడేలా చేశాడు. 1824 నాటికి అతడికి 15 ఏళ్లు. పద్ధతిని వివరించే పుస్తకం 1829లో వెలువడింది. విద్యార్థులు దానిని వెంటనే అందిపుచ్చుకున్నా, పాఠశాల యాజమాన్యం ఒక దశలో నిషేధించింది. చూపున్న ఉపాధ్యాయులకు ఉబ్బెత్తు అక్షరాలు కంటికి తెలుస్తాయి, చుక్కలు తెలియవు. వాడేవారి వేళ్లకు అనువైనదా, నేర్పేవారి కళ్లకు అనువైనదా అన్న ఈ తగువు ఆ తర్వాత చాలా రూపాల్లో తిరిగి వచ్చింది. ఫ్రాన్స్ బ్రెయిలీ లిపిని అధికారికంగా స్వీకరించింది 1854లో, అంటే అతడు చనిపోయిన రెండేళ్లకు. ఇంగ్లీషు దేశాలు వేర్వేరు చుక్కల పద్ధతుల మధ్య కలహించుకుని, 1932లో గానీ ఒకే బ్రెయిలీకి ఒప్పుకోలేదు. అంతవరకూ ఒక బడిలో చదివిన పిల్లవాడు మరో బడి పుస్తకాన్ని చదవలేని పరిస్థితి ఉండేది.

మాట్లాడే పుస్తకం ఆలోచన గ్రామఫోనుకు తోబుట్టువు. ఫోనోగ్రాఫ్‌తో ఏమేం చేయవచ్చో ఎడిసన్ 1878లో రాసిన జాబితాలో చూపులేనివారికి శ్రమ లేకుండా చదివి వినిపించే పుస్తకాలు ఒకటి. 1930ల నడుమ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అవి గ్రంథాలయాల ద్వారా పాఠకులకు చేరాయి. నిమిషానికి 33 చుట్లు తిరిగే ఎల్పీ రికార్డులు సంగీత ప్రియుల ఇళ్లలోకి వచ్చింది 1948లో కాగా, ఆ నిదానపు వేగాన్ని చూపులేని శ్రోతలు అప్పటికే పదేళ్లకు పైగా వాడుతున్నారు. టైప్‌రైటర్ చరిత్రలోనూ ఇలాంటి ముచ్చటే ఉంది: 19వ శతాబ్దపు తొలి దశకంలో ఇటలీలో పెల్లెగ్రీనో తుర్రి తయారు చేసిన యంత్రం చూపులేని ఒక సంపన్న మహిళ తన ఉత్తరాలు తానే రాసుకోవడానికి ఉద్దేశించింది.

అయితే ఎవరో చదివి రికార్డు చేసిన పుస్తకం వేరు, చేతికందిన ఏ కాగితాన్నైనా తానే చదువుకోవడం వేరు. రెండో దాని కోసం జరిగిన తొలి గట్టి ప్రయత్నం 1913లో ఇంగ్లండ్‌లో ఫోర్నియే దాల్బ్ నిర్మించిన ఆప్టోఫోన్. అచ్చు అక్షరం మీద పడిన కాంతిని అది స్వరాలుగా మార్చేది. అక్షరం ఆకారాన్ని బట్టి మారే ఆ స్వరాల కలయికను చెవి గుర్తుపట్టాలి. 1918 నాటి ప్రదర్శనలో మేరీ జేమ్సన్ చదివిన వేగం నిమిషానికి ఒక్క మాట. తర్వాతి నమూనాలతో 60 మాటల దాకా వెళ్లినవారు లేకపోలేదు గానీ, వారు బహు కొద్దిమంది.

స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ లిన్విల్ చూపులేని తన కుమార్తె కోసం ఆరంభించిన ఆప్టకాన్ ఇదే పనిని వేలికి అప్పగించింది. 1970ల మొదట్లో మార్కెట్లోకి వచ్చిన ఈ పరికరంలో కుడిచేతితో చిన్న కెమెరాను వరుస వెంట జరుపుతూ ఉంటే, ఎడమచేతి చూపుడు వేలి కింద 24 వరుసల్లో 6 చొప్పున పేర్చిన 144 సూదుల్లో అక్షరం ఆకారానికి సరిపోయినవి అదిరేవి. కెమెరా ఏ మాత్రం పక్కకు ఒరిగినా అక్షరం తెగిపోయేది. బాగా అలవాటైనవారు సైతం నిమిషానికి కొన్ని పదుల మాటలు మాత్రమే చదవగలిగేవారు. అయినా ఏ భాషనైనా, లెక్కల గుర్తులనైనా, సంగీత స్వరలిపినైనా చదవనిచ్చేది కాబట్టి 1996లో తయారీ ఆగిపోయినప్పుడు దాన్ని వదులుకోలేక చాలామంది బాధపడ్డారు. అక్షరం ఏమిటో యంత్రం నిర్ణయించేది కాదు, మనిషే నిర్ణయించేవాడు. ఆ తర్వాత వచ్చిన యంత్రాల్లో ఆ స్వేచ్ఛ తగ్గి, వేగం పెరిగింది.

ఆ మలుపు 1976 జనవరిలో వచ్చింది. రే కర్జ్‌వైల్ బృందం ప్రదర్శించిన రీడింగ్ మెషిన్ ఏ అచ్చు అక్షరాన్నైనా గుర్తుపట్టి, కృత్రిమ కంఠంతో చదివేది. దాని పరిమాణం వాషింగ్ మెషిన్ అంత. ధర దాదాపు 50 వేల డాలర్లు. తొలి కొనుగోలుదారుల్లో చూపులేని గాయకుడు స్టీవీ వండర్ ఉండడం ఆశ్చర్యం కాదు. మిగిలినవారికి గ్రంథాలయాలే దిక్కు. ఈనాటి ఫోన్లు కాగితాన్ని ఫొటో తీసి చదవడానికీ, ఆఫీసుల్లో స్కానర్లు పత్రాలను అక్షరాలుగా మార్చడానికీ దారులు చాలా మటుకు ఇక్కడి నుంచే సాగాయి.

ఇంతలో చదవవలసినది కాగితం నుంచి కంప్యూటర్‌లోకి మారింది, ఆ మార్పు మొదట మేలే చేసింది. విండోస్‌కు ముందటి, అక్షరాలతోనే నడిచే డాస్ రోజుల్లో తెర అంటే వరుసకు 80 అక్షరాల చొప్పున 25 వరుసలు. ఏ గడిలో ఏ అక్షరం ఉందో కంప్యూటర్ జ్ఞాపకంలో ఉన్నదున్నట్లు రాసి ఉండేది; దాన్ని తీసి, అక్షరాలను మాటలుగా పలికే వాయిస్ సింథసైజర్‌కు అందిస్తే చాలు. ఐబీఎంలో జిమ్ థాచర్ చూపులేని తన సహోద్యోగి జెస్సీ రైట్‌తో కలిసి చేసిన పనికి ఫలితంగా 1980ల నడుమ వచ్చిన ప్రోగ్రాం పేరే స్క్రీన్ రీడర్. ఆ పేరే తర్వాత ఈ జాతి సాఫ్ట్‌వేర్ మొత్తానికీ స్థిరపడింది. మోటార్‌సైకిల్ పందేల్లో పాల్గొంటూ 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్, ఆ తర్వాత ప్రోగ్రామింగ్ నేర్చుకుని, 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను విడుదల చేశాడు. కీబోర్డుతో పని చేసే ఉద్యోగాలు చూపులేనివారికి తెరుచుకున్న కాలమది.

ఆ తలుపు మూయడానికి ఎవరూ కుట్ర పన్నలేదు. బొమ్మలూ కిటికీలూ మౌస్‌తో కూడిన కొత్త తెరలు అందరికీ కంప్యూటర్‌ను సులువు చేశాయి, చూపులేనివారికి మాత్రం ఉన్న సులువును పోగొట్టాయి. తెర ఇప్పుడు రంగు చుక్కల రాశి. అక్షరమూ అందులో ఒక బొమ్మే, బటనూ ఒక బొమ్మే, వాటి పేర్లు ఎక్కడా లేవు. 1989లో మాకింటాష్ కోసం వచ్చిన అవుట్‌స్పోకెన్, ఆ వెనుక విండోస్ కోసం వచ్చిన ప్రోగ్రాములు ఒక సాహసోపేతమైన ఉపాయాన్ని వాడాయి. ఫలానా చోట ఫలానా అక్షరం గీయమని ప్రోగ్రాం కంప్యూటర్‌కు ఇచ్చే ప్రతి ఆదేశాన్నీ మధ్యలో పట్టుకుని, తెర మీద ఏముందో ఒక అజ్ఞాతపు జాబితాను పక్కన రాసుకుంటూ పోవడమే ఆ ఉపాయం. అంటే తెర వెనుక రెండో తెరను కట్టడం. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ జాబితా తప్పేది, స్క్రీన్ రీడర్ రాసేవారు మళ్లీ మొదటికి వచ్చేవారు.

ఈ దాగుడుమూతల అవసరమే లేకుండా, ప్రోగ్రామే తన బటన్ల పేర్లూ స్థితీ అడిగినవారికి చెప్పేలా చేయాలన్న కోరిక తీరడానికి తెలివితేటల కంటే డబ్బు ఒత్తిడి ఎక్కువ పనిచేసింది. విండోస్ 95 స్క్రీన్ రీడర్లకు అందుబాటులో లేదని, దాన్ని ప్రభుత్వ కార్యాలయాలకు కొనబోమని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం హెచ్చరించింది. 1997లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీ అనే ఏర్పాటు వెలువడింది. నేటి ఫోన్లూ, బ్రౌజర్లూ, ఆపరేటింగ్ సిస్టమ్‌లూ అన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి: తెర మీది ప్రతి అంశానికీ ఒక పేరు, ఒక రకం, ఒక స్థితి ఉండాలి, స్క్రీన్ రీడర్ అడిగితే చెప్పాలి. యంత్రం పక్షాన ఉన్న సమస్య ఇక్కడితో తీరిపోయిందనే చెప్పవచ్చు. మిగిలింది ఆ పేరును ఎవరు రాయాలన్నది.

వెబ్ మొదటి నుంచీ ఈ విషయంలో అదృష్టవంతురాలు, ఎందుకంటే వెబ్ పేజీలను రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో శీర్షికను శీర్షిక అనీ, లింకును లింకు అనీ రాస్తారు. 1997 చివర్లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0 ప్రతి బొమ్మకూ దాని బదులు చదివేందుకు ఆల్ట్ అనే మాటల వివరణ ఉండి తీరాలంది. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ 1999 మేలో యాక్సెసిబిలిటీ, అంటే వైకల్యం ఉన్నవారూ వాడుకోగలగడం గురించిన మార్గదర్శకాల తొలి రూపాన్ని ప్రకటించింది. అయినా నియమం ఉండడం, పాటించడం ఒకటి కావని సిడ్నీ ఒలింపిక్స్ చూపించింది. నిర్వాహకుల వెబ్‌సైట్‌లో బొమ్మలకు వివరణ లేదని, ఫలితాల పట్టికలు చదవలేకపోతున్నానని బ్రూస్ మగ్వైర్ అనే చూపులేని వ్యక్తి ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. సరిచేయడానికి 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా అవుతుందని నిర్వాహకులు వాదిస్తే, అంత అక్కర్లేదని నిపుణులు సాక్ష్యమిచ్చారు. 2000 ఆగస్టులో కమిషన్ ఫిర్యాదుదారుకే అనుకూలంగా చెప్పింది. సైటు పూర్తిగా మారకపోవడంతో చివరికి 20 వేల డాలర్ల పరిహారం విధించింది. పని మొదట్లోనే చేస్తే దాదాపు ఖర్చు లేదు, కట్టేశాక చేస్తే భారం అన్న వాదన ఈ కేసులో ఇరుపక్షాలూ ఒకేసారి రుజువు చేసినట్లయింది.

ఈ కథలో ధర సంగతి వేరే చెప్పుకోవలసిందే. జాస్ వంటి ప్రోగ్రాం కొనాలంటే వెయ్యి డాలర్ల చుట్టూ ఖర్చయ్యేది, తరచుగా కంప్యూటర్ కంటే కూడా ఎక్కువ. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని యువకుడు ఉచితంగా పంచే ఉద్దేశంతో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను రాయడం మొదలుపెట్టాడు. జేమ్స్ టే తోడయ్యాడు. ఎన్నో భాషల స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని తమ భాషల్లోకి తెచ్చుకున్నారు. కొత్తగా వినేవారికి దాని కంఠం కరకుగా, రోబో పలికినట్లు తోస్తుంది. కానీ అలవాటైనవారు మామూలు మాట వేగానికి రెండు మూడు రెట్లు పెంచుకుని వింటారు కాబట్టి, ఆ వేగంలో తీయని కంఠం ముద్దయిపోతుంది, కరకు కంఠం స్పష్టంగా నిలుస్తుంది. ఏది మంచి గొంతు అన్న నిర్ణయం కూడా వాడేవారికే వదలాలనడానికి ఇది చక్కటి నిదర్శనం.

స్పర్శ తెర వచ్చినప్పుడు పాత చరిత్ర పునరావృతమయ్యేలా కనిపించింది. 2007 నాటి తొలి ఐఫోన్ చూపులేనివారికి నున్నటి గాజుపలక, అంతే. 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ ఫోన్‌లోనే భాగంగా వచ్చింది. వేలు తాకిన చోట ఏముందో ఫోన్ చెబుతుంది. తెరవాలంటే మరో రెండుసార్లు తట్టాలి. కుడివైపు తోస్తే తర్వాతి అంశం. ఆండ్రాయిడ్‌లోనూ అదే ఏడాది అలాంటిదే టాక్‌బ్యాక్ కనిపించింది. వేరే కొనవలసిన అవసరం లేకుండా, దుకాణం నుంచి తెచ్చిన ఫోన్‌నే చూపులేని వ్యక్తి పెట్టె విప్పిన నిమిషం నుంచీ వాడుకోగలగడం ఈ రెండు శతాబ్దాల్లో నా దృష్టిలో బ్రెయిలీ తర్వాత అంతటి మార్పు.

మసకచూపు ఉన్నవారి ప్రస్తావన ఈ చరిత్రల్లో ఎప్పుడూ పక్కకు పోతుంది, సంఖ్యలో వారే ఎక్కువ అయినా. 2020 అంచనాల ప్రకారం ప్రపంచంలో పూర్తిగా చూపులేనివారు 4.3 కోట్ల మంది కాగా, ఓ మోస్తరు నుంచి తీవ్రమైన దృష్టిలోపం ఉన్నవారు 29.5 కోట్ల మంది. తానే మసకచూపుతో పెరిగిన గణితవేత్త శామ్యూల్ జెనెన్‌స్కీ 1960ల చివర్లో కెమెరానూ టీవీనీ జోడించి అక్షరాలను పెద్దవి చేసే పరికరాన్ని రూపొందించాడు. వారికి కావలసినది శబ్దం కాదు. పెద్ద అక్షరం, రంగుల మధ్య తగినంత తేడా, పెంచినప్పుడు పేజీ చెదరకపోవడం. లేత బూడిద రంగు మీద తెల్లటి అక్షరాలను అందమనుకునే డిజైన్ అలవాటే వెబ్‌ఎయిమ్ జాబితాలో ప్రతి ఏటా మొదటి లోపం కావడం గమనించదగినది.

ఇటీవల వచ్చిన రెండు పరిణామాలు పేర్లు రాసే బాధ్యతను మళ్లీ అస్పష్టం చేస్తున్నాయి. ఒకటి, ఒక వరుస కోడ్ చేరిస్తే సైటు తనంత తాను అందరికీ అనువైపోతుందని అమ్మే ఓవర్లే సాఫ్ట్‌వేర్. చూపులేని వాడుకరులే వీటి మీద గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ఒక సంస్థపై, చేసిన ప్రకటనలు తప్పుదోవ పట్టించేవని, 10 లక్షల డాలర్లు వసూలు చేసే చర్య తీసుకుంది. రెండోది, బొమ్మను చూసి మాటల్లో వర్ణించే కృత్రిమ మేధ. 2023 నుంచి బీ మై ఐస్ వంటి యాప్‌ల ద్వారా ఇది వాడుకలోకి వచ్చి, ఫొటోలూ వంటగది డబ్బాల మీది లేబుళ్లూ చదవడంలో ఎంతో మేలు చేస్తోంది. కానీ బటన్ పేరు విషయంలో ఇది ఊహ మాత్రమే, ఆ పక్కనే పేరు రాయగలిగిన మనిషి ఉన్నప్పుడు.

ఐరోపా సమాఖ్య 2019లో చేసిన యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి ఆన్‌లైన్ అమ్మకాలకూ, బ్యాంకు సేవలకూ, ఈ-పుస్తకాలకూ, టికెట్లు ఇచ్చే యంత్రాలకూ వర్తిస్తోంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మాట్లాడే తొలి ఏటీఎం కెనడాలోని ఒట్టావాలో 1997లోనే పని మొదలుపెట్టింది కాబట్టి, ఈ యంత్రాలకు కావలసిన విద్య కొత్తదేమీ కాదు. అయినా ఆ తేదీకి ముందు నుంచి వాడుకలో ఉన్న యంత్రాలను, అమర్చిన నాటి నుంచి గరిష్ఠంగా 20 ఏళ్ల వరకు అలాగే ఉంచుకోవడానికి సభ్య దేశాలు అనుమతించవచ్చని చట్టంలో మినహాయింపు ఉంది. దాని ప్రకారం 2025 ఆరంభంలో పెట్టిన మాట్లాడని యంత్రం 2045 దాకా అలాగే నిలబడవచ్చు.