ఎక్స్ఛేంజా, డెక్సా? క్రిప్టో క్లయింట్ల నోట నేను వినే అపోహలు - వాస్తవాలు

క్రిప్టో ట్రేడింగ్ చేసేవాళ్లకు ఐటీ రిటర్నులు వేయడం నా పని. ఎక్స్ఛేంజ్ అంటే మన కాయిన్లు తన దగ్గర పెట్టుకుని ట్రేడింగ్ నడిపే కంపెనీ. డెక్స్ అంటే మధ్యలో కంపెనీ లేకుండా, మన వాలెట్ (కాయిన్లు ఉంచుకునే యాప్) నుంచే ఒక ప్రోగ్రామ్ ద్వారా మార్పిడి చేసుకునే చోటు. ఒక్కొక్కరి ట్రేడ్ హిస్టరీ మొదటి వరస నుంచి చివరి వరస దాకా చూస్తాను. డబ్బు ఎక్కడ పోయిందో అందులోనే దొరుకుతుంది.

అపోహ: ఎఫ్‌ఐయూ (కేంద్ర ఆర్థిక నిఘా విభాగం) రిజిస్ట్రేషన్ ఉన్న ఎక్స్ఛేంజ్ అయితే మన డబ్బుకు ప్రభుత్వం పూచీ.

కాదు. అది మనీ లాండరింగ్ చట్టం కింద 2023 మార్చిలో వచ్చిన నిబంధన. కేవైసీ తీసుకోవాలి, అనుమానాస్పద లావాదేవీలను తెలియజేయాలి. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న 5 లక్షల బీమా లాంటిది ఇక్కడ లేదు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి హ్యాకర్లు సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో ఎత్తుకెళ్లారు. ఖాతాదారులు తమ కాయిన్లు బయటికి తీసుకోవడానికి ఏడాది పైనే ఎదురు చూశారు.

అపోహ: డెక్స్‌లో కాయిన్లు మన వాలెట్‌లోనే ఉంటాయి, ఎవరూ ముట్టుకోలేరు.

ఇది సగం నిజం. మనుషుల్ని ముంచుతున్నది మిగతా సగమే.

యూనిస్వాప్ లాంటి డెక్స్‌లో టోకెన్ అమ్మాలంటే సాధారణంగా ముందు 'అప్రూవ్' నొక్కాలి. నా టోకెన్లు నువ్వు తీసుకోవచ్చు అని ఆ కాంట్రాక్ట్‌కు, అంటే డెక్స్‌ను నడిపే ప్రోగ్రామ్‌కు, మనమిచ్చే అనుమతి అది. ఓ కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. యూఎస్‌డీటీ (డాలర్ విలువకు ముడిపెట్టిన కాయిన్) మొత్తం ఒక్క రాత్రిలో ఖాళీ. "నా 12 పదాలు మా అమ్మకి కూడా చెప్పలేదు సార్" అన్నాడు. వాలెట్‌కు తాళం చెవి ఆ పదాలే. నిజమే, చెప్పలేదు. ఇద్దరం కూర్చుని పాత లావాదేవీలు ఒక్కొక్కటే తెరిచాం. మూడు నెలల కిందట ఎవరో పంపిన 'ఫ్రీ టోకెన్' లింకులో అప్రూవ్ నొక్కాడు. మొత్తం అని ఉన్నచోట 115792తో మొదలయ్యే 78 అంకెల సంఖ్య. ఎంతైనా తీసుకో అని దాని అర్థం. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టి ఇచ్చినట్టే.

అందుకే మా క్లయింట్లకు ఒకటే చెబుతాను: అమ్మేంత మేరకే అప్రూవ్ ఇవ్వండి, పని అయ్యాక రద్దు చేయండి, డెక్స్‌కు వేరే చిన్న వాలెట్ పెట్టుకోండి. చూడకుండా సంతకం పెట్టడం పెద్దవాళ్లనూ వదల్లేదు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజ్ సిబ్బందికి స్క్రీన్ మీద మామూలు బదిలీ కనిపించింది. వాళ్లు పెట్టిన సంతకంతో మాత్రం సుమారు 150 కోట్ల డాలర్లు పోయాయి.

అపోహ: డెక్స్‌లో ఖర్చు తక్కువ.

గ్యాస్ ఫీజు, అంటే ప్రతి లావాదేవీకి నెట్‌వర్క్‌కు కట్టేది, మనం మార్చే మొత్తాన్ని బట్టి ఉండదు. నెట్‌వర్క్ రద్దీగా ఉన్నప్పుడు రెండు వేల రూపాయల స్వాప్ (టోకెన్ మార్పిడి) చేస్తే లాభం అక్కడే పోతుంది.

అపోహ: డెక్స్ లాభాలు ఐటీ వాళ్లకు తెలియవు.

బ్లాక్‌చెయిన్ అందరికీ కనిపించే ఖాతా పుస్తకం. డెక్స్ రూపాయలు తీసుకోదు కాబట్టి, ఏదో ఒక రోజు బ్యాంకు ఖాతా దాకా రావాల్సిందే. ఒక టోకెన్ ఇచ్చి మరొకటి తీసుకున్నా అమ్మకమే, 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, పైన 4 శాతం సెస్. నష్టాన్ని లాభంలోంచి తీసేయనివ్వరు కాబట్టి ఒకదాంట్లో 40,000 లాభం, ఇంకోదాంట్లో 40,000 నష్టం వస్తే చేతిలో మిగిలింది సున్నా, కట్టాల్సింది 12,480. ఇది అన్యాయమని నాకూ అనిపిస్తుంది, కానీ చట్టం అదే. ఎక్స్ఛేంజ్ అయితే 1 శాతం టీడీఎస్ కోసి కడుతుంది, రిపోర్టూ ఇస్తుంది. డెక్స్‌లో ప్రతి స్వాప్ రోజు ధరా మీరే రాసుకోవాలి. మార్చి దాకా ఆగకుండా ఈ రాత్రే మొదలుపెట్టండి.