పై పన్ను, చెంప లోపలి గది

కడపలో పన్ను నొప్పి అయితే పంటి డాక్టరు దగ్గరికి పోతాం, ముక్కులోంచి చెడు వాసన వస్తే ఈఎన్‌టీ దగ్గరికి పోతాం. రెండింటికీ మూలం ఒకటే కావచ్చన్న సంగతి మనకు తట్టదు. ఒకవైపు ముక్కులోంచే చీము, ఆ వైపే చెంప బరువు, ఎన్ని కోర్సులు మందులు వాడినా మళ్లీ మొదటికే. అలా నెలలు పోగొట్టుకునే వాళ్లను చూస్తే బాధేస్తుంది.

పై దవడ పళ్ల వేళ్లకూ చెంప ఎముకలోని సైనస్ అనే గాలి గదికీ మధ్య అడ్డుగా ఉండేది పల్చటి ఎముక. కొందరికి అదీ ఉండదు, పొర ఒక్కటే. 1651లో ఇంగ్లండ్ వైద్యుడు నథానియెల్ హైమోర్ ఈ గదిని వర్ణిస్తూ, పన్ను పీకిన చోట సైనస్‌లోకి దారి పడిన ఒక రోగి గురించి కూడా రాశాడు. అంటే ఈ బంధుత్వం పాతదే.

ఈ గదిలో పంటి వల్ల ఫంగస్, అంటే బూజు, కూడా చేరొచ్చన్న సంగతి తర్వాత తేలింది. రూట్ కెనాల్‌లో నింపే జింక్ ఆక్సైడ్ పేస్టు కొన్నిసార్లు వేరు కొస దాటి సైనస్‌లోకి జారుతుంది. ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరగడానికి జింక్ కావాలి. 1980లలో యూరప్ వైద్యులు ఈ రెండింటినీ కలిపి చూశారు. అక్కడ బూజు ఉండలా పేరుకుంటుంది. సీటీ స్కాన్‌లో ఒకవైపు సైనస్ మూసుకుపోయి, మధ్యలో తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి ఖాయం చేస్తారు. 1890లలో వచ్చిన కాల్డ్‌వెల్-లూక్ ఆపరేషన్‌లో పై పెదవి లోపల కోసి ఎముక తెరిచేవాళ్లు. ఇప్పుడు చాలావరకు ముక్కులోంచి ఎండోస్కోపుతోనే ఉండను తీసేస్తున్నారు. తీసేశాక మామూలుగా ఫంగస్ మందులు అక్కర్లేదు. పన్ను బాగు చేయించడం మాత్రం తప్పదు.

2021 తర్వాత రిపోర్టులో ఫంగస్ అన్న మాట కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. కోవిడ్ రెండో దశలో బ్లాక్ ఫంగస్‌ను చూసినవాళ్లం, ఆ భయం న్యాయమే. ఆ మే నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. కానీ అది వేరే జబ్బు. షుగర్ అదుపులో లేనివాళ్లలో మ్యూకర్ బూజు రక్తనాళాల్లోకి చొరబడి, రోజుల్లోనే కంటికీ మెదడుకూ పాకుతుంది. పై పళ్లు కదలడం, ముఖం మొద్దుబారడం, అంగిలి నల్లబడడం దాని గుర్తులు. అప్పుడు ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఆంఫోటెరిసిన్-బి అనే ఫంగస్ మందు ఇంజెక్షన్లు, చచ్చిన కణజాలాన్నీ ఎముకనూ తీసేసే ఆపరేషన్ వెంటనే మొదలుకావాలి.

ఉండలా పేరుకునే ఫంగస్‌కు అంత తొందర లేదు. రిమ్స్‌లో చూపించుకున్నా, ప్రైవేటులో చూపించుకున్నా, ఎప్పుడో చేయించుకున్న రూట్ కెనాల్ గురించి డాక్టరుకు చెప్పండి. పాత పంటి ఎక్స్‌రే ఉంటే వెంట తీసుకుపోండి.