అలిపిరి చెక్‌పోస్టు, తొడ కండరం

తిరుపతి కొర్లగుంట నుంచి ఒకామె ఫోన్ చేసింది. వయసు నలభై ఏడు. రెండేళ్లుగా డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. "సార్, మంచం దిగాలంటేనే యాష్టగా ఉండాది. డాక్టరమ్మ రోజూ నడవమంటాది. నడిచే ఓపికుంటే నాకీ జబ్బెందుకు సార్? పెండ్లయిన కొత్తలో అలిపిరి మెట్లన్నీ ఎక్కి కొండకు పోయినదాన్ని. ఇప్పుడు గుడ్డలారేసేదానికి మిద్దెపైకి పోతే నాలుగో మెట్టుకే ఆయాసం. అసలు కాళ్లు కదిలిస్తే తలకాయలో బాధ ఎట్లా తగ్గుతుందో ముందు అది చెప్పండి."

ఆ చివరి ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు. 'నడిస్తే మనసు తేలికవుతుంది' అని అందరం అంటాం. కాలికీ మనసుకీ మధ్య దారి ఏమిటని ఈమె అడుగుతోంది. ఆ దారుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనదొకటి చెబుతాను.

కందిపప్పులో, పాలలో, చెనిక్కాయ గింజల్లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. మనసు స్థితితో సంబంధమున్న సెరటోనిన్ తయారయ్యేది దీని నుంచే అని పత్రికల్లో తరచూ వస్తుంది. నిజమే, కానీ అందుకు వాడుకునేది చాలా కొద్ది భాగం. శరీరం విచ్ఛిన్నం చేసే ట్రిప్టోఫాన్‌లో తొంభై శాతానికి పైగా ఇంకో దారిన పోయి కైన్యురెనిన్ అనే పదార్థంగా మారుతుంది. ఈ పేరు వెనక ఒక ముచ్చట ఉంది. 1853లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ కుక్క మూత్రంలో ఒక ఆమ్లాన్ని కనుక్కొని, గ్రీకు భాషలో కుక్క, మూత్రం అనే మాటలు కలిపి దానికి కైన్యురెనిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు. ఆ గ్రీకు మాటా, మన 'శ్వానం'లోని సంస్కృత మాటా ఒకే మూలం నుంచి వచ్చినవి. ఈ ఆమ్లమే మన కథలో నాయకుడు.

ఒత్తిడి ఎక్కువైనా, ఒంట్లో వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) రగులుతున్నా కైన్యురెనిన్ తయారీ పెరుగుతుంది. హెపటైటిస్-సి రోగులకు, ఈ వాపును రగిలించే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చే రోజుల్లో చాలామంది దిగులులో కూరుకుపోయేవారు. వాళ్ల రక్తంలోనే కాదు, వెన్నుద్రవంలో కూడా కైన్యురెనిన్ పెరిగి కనిపించింది.

ఇప్పుడు మెదడును తిరుమల అనుకోండి, రక్తాన్ని కింద తిరుపతి పట్టణం అనుకోండి. రెండింటి మధ్య అలిపిరి చెక్‌పోస్టు ఉంది. ప్రతి బండినీ ఆపుతారు, ప్రతి సంచినీ చూస్తారు, సారా, మాంసం, సిగరెట్లు పైకి పోనివ్వరు. రక్తానికీ మెదడుకూ మధ్య కూడా అలాంటి కట్టుదిట్టమైన గోడ ఉంది. అయితే కొన్ని అమైనో ఆమ్లాలు మెదడుకు అవసరం కాబట్టి వాటికోసం ఒక బస్సు నడుస్తుంది. ట్రిప్టోఫాన్, ల్యూసిన్ అందులోనే ఎక్కుతాయి, సీట్లకోసం పోటీ పడతాయి. కైన్యురెనిన్‌కూ ఆ బస్సు టికెట్ ఉంది. దర్జాగా కొండెక్కుతుంది. పైకి పోయాక, వాపు వాతావరణంలో మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు దాన్ని క్వినోలినిక్ ఆమ్లంగా మార్చగలవు. అది నాడీకణాలమీద ఉండే, వాటిని ఉత్తేజపరిచే ఎన్ఎండీఏ గ్రాహకాలను అదేపనిగా గిల్లుతుంది, నాడీకణాలను అలసగొడుతుంది.

ఆ టికెట్ ఏమిటో చూస్తేనే అసలు అందం తెలుస్తుంది. కైన్యురెనిన్ కూడా ఒక అమైనో ఆమ్లమే. ఒక కార్బన్‌కు ఒకవైపు అమైనో గుంపు, ఇంకోవైపు కార్బాక్సిల్ గుంపు ఉంటాయి. బస్సు గుర్తుపట్టేది ఈ జంటనే. మన ఎముకలను కదిలించే కండరాల్లో కైన్యురెనిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైములున్నాయి. పక్కన బి6 విటమిన్‌ను సాయం పెట్టుకొని అవి ఆ అమైనో గుంపును ఊడబీకుతాయి. అది పోయిన వెంటనే అణువు తనంతట తానే వంగి, రెండో వలయంగా మూసుకుపోయి కైన్యురెనిక్ ఆమ్లం అవుతుంది. టికెట్ చినిగిపోయినట్టే. రక్తంలో తిరిగే ఈ ఆమ్లం బస్సెక్కలేదు, గోడ దాటలేదు, చివరికి మూత్రంలో పోతుంది. లీబిగ్‌కు దొరికింది అందుకే.

ఈ టికెట్లు చించే పనివాళ్లను పెట్టే మేస్త్రీ ఒకడున్నాడు. పేరు పీజీసీ-1 ఆల్ఫా. 1998లో బయటపడిన ప్రొటీన్. కండరం పనిచేస్తే ఇది పెరుగుతుంది, దాంతోపాటు ఆ ఎంజైములూ పెరుగుతాయి. 2014లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ వాళ్లు, కండరంలో మాత్రమే ఈ ప్రొటీన్ ఎక్కువగా ఉండే ఎలుకలను తయారుచేశారు. వాటినీ మామూలు ఎలుకలనూ ఐదు వారాలు పెద్ద శబ్దాలతో, మిణుకు లైట్లతో, వేళకాని వేళ లేపి సతాయించారు. మామూలు ఎలుకలు దిగాలుపడ్డాయి. కండరం మారిన ఎలుకలు తట్టుకున్నాయి. మెదడులో వాళ్లు ఏదీ ముట్టుకోలేదు, మార్చిందంతా కండరంలోనే! మనుషుల్లో కూడా కొన్ని వారాల వ్యాయామం తర్వాత తొడ కండరంలో ఈ ఎంజైములు పెరగడం చూశారు.

ఎలుక మనిషి కాదు. డిప్రెషన్‌కు కైన్యురెనిన్ ఒక్కటే కారణమూ కాదు. కానీ కండరాన్ని నేను చూసే చూపు దీంతో మారిపోయింది. ఇరవై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. కండరంలోని ప్రొటీన్ పోగులు ఆక్టిన్, మయోసిన్, ఒకదానిమీద ఒకటి జారుతాయి, బొమ్మ గీసి భాగాలు గుర్తించండి. అంతే. కండరం రక్తాన్ని శుభ్రం చేసే అవయవం కూడా అని ఏ సిలబస్‌లోనూ రాలేదు. వచ్చి ఉంటే, ఆ పిల్లల్లో ఎవరో ఒకరు వాళ్లమ్మకు చెప్పి ఉండేవారు.

ఇక ఆయాసం సంగతి. ఆమెకు దిష్టి తగిలిందని ఎవరో తాయెత్తు కట్టారట. తాయెత్తుకన్నా ఎక్కువ హాని చేసింది ఇంట్లోవాళ్ల 'సోంబేరి' అనే మాట. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు కుర్రాళ్లను మూడు వారాలు మంచంమీదే ఉంచారు. ఆక్సిజన్ వాడుకునే వాళ్ల సత్తా పావువంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టంకన్నా ఆ మూడు వారాల మంచం చేసిందే ఎక్కువని తేలింది. మూడు వారాలకే అంత! మరి రెండేళ్లు పడుకున్న మనిషికి నాలుగో మెట్టుకు ఆయాసం రాకపోతే ఆశ్చర్యపోవాలి. ఆ ఐదుగురూ యాభయ్యోపడిలో ఆరు నెలలు మెల్లగా సాధన చేసి, వయసుతో పోయినదాన్ని తిరిగి తెచ్చుకున్నారు. ఆయాసానికి రక్తహీనతో థైరాయిడ్డో కూడా కారణం కావచ్చు. అవి రెండూ చూపించుకోమన్నాను. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం అన్నీ ఆపి నేరుగా డాక్టరు దగ్గరికే.

ఎక్కడ మొదలుపెట్టాలి? కుర్చీలో. తొడలు, పిరుదుల కండరాలు ఒంట్లోకెల్లా పెద్దవి, అంటే టికెట్లు చించే చేతులు అక్కడే ఎక్కువ. లేచి నిలబడి కూర్చుంటే అవన్నీ ఒకేసారి పనిలోకి వస్తాయి. పొయ్యిమీద పాలు పెట్టి, వంటింటి గట్టుమీద చెయ్యి ఆనించి, కుర్చీలోంచి మూడుసార్లు లేవాలి. మూడే. మనసు బాగున్నప్పుడు చేద్దామని ఆగకూడదు. 1970ల్లో మనస్తత్వవేత్త లెవిన్‌సన్ గట్టిగా చెప్పింది ఇదే: డిప్రెషన్‌లో ఉత్సాహం పనికి ముందు రాదు, పని చేశాక వస్తుంది. అందుకే దాన్ని మనసుకు కాక పాలగిన్నెకు ముడివెయ్యమన్నాను. పాలు రోజూ కాగుతాయి.

కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. 2020లో ఆ షరతు తీసేసింది. కసువు చిమ్మడం, బోకులు తోముతూ మడమలు లేపి దించడం, సగం మిద్దె మెట్లెక్కి ఆగి ఊపిరి తీసుకొని దిగడం, అన్నీ లెక్కే.

మాత్రలు మానమని దీనర్థం కాదు. 1999లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో యాభై దాటిన 156 మందిమీద చేసిన పరిశోధనలో, పదహారు వారాల చివరికి వ్యాయామం చేసినవాళ్లూ మాత్రలు వేసుకున్నవాళ్లూ దాదాపు ఒకేలా మెరుగయ్యారు. కానీ మొదటి వారాల్లో గుణం త్వరగా కనిపించింది మాత్రలతోనే. మాత్ర ఇచ్చే ఆ కాస్త ఓపికతోనే కుర్చీలోంచి లేవగలం. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఏ వ్యాసమూ చదువుతూ కూర్చోకండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ-మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

మూడు వారాలకు ఆమె మళ్లీ ఫోన్ చేసింది. రక్తం తక్కువుందని తేలిందట, ఐరన్ మాత్రలు మొదలుపెట్టారట. "నాలుగు దినాలు చేయలేదు సార్, ఏడుస్తా పడుకుంటి. మళ్లా మొదలుపెడితి. ఈ పొద్దు పాలు పొంగేలోపల ఎనిమిది తూర్లు లేచి కూర్చుంటి." మిద్దె మెట్లు ఎన్ని ఎక్కారమ్మా అని అడిగాను. "ఆరు. ఏడోదాని మీద కూర్చోని కొండపక్క చూస్తా ఉంటి."